రెండెకరాలు అమ్మకండి, ఆషాఢాన్ని వాడుకోండి

ప్రశ్న: దేవరకొండలో ఆరేళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. వయసు 29. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, అప్పుడప్పుడు దినాలు కూడా వీడియో తీస్తుంటాను, ఆ పనే ఇప్పుడు సినిమాకు అడ్డంకిలా అనిపిస్తోంది. నిరుడు స్నేహితులతో కలిసి అరవై వేల ఖర్చుతో 22 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాను. పెద్దమనిషి చనిపోయిన ఇంట్లో ఫ్రీజర్ బాక్స్ కిరాయి ఎవరు కట్టాలని ముగ్గురు కొడుకులు పడే గొడవే కథ. బాక్స్ తెచ్చే మనిషి పాత్ర వేసినాయన నిజంగానే మా ఊళ్లో అదే పని చేస్తాడు. చూసినవాళ్లు బాగా నవ్వారు గానీ, చావింటిని ఎగతాళి చేశావని మా పెద్దనాన్న నాతో మాట్లాడటం మానేశాడు. ఇప్పుడు పెద్ద సినిమా రాస్తున్నాను. రైతు చనిపోతే కుటుంబానికి డబ్బిచ్చే రైతు బీమా వయసు దాటడానికి నాలుగు నెలలే మిగిలిన ఒక జబ్బుమనిషి, ఆయన చుట్టూ రోజులు లెక్కపెట్టుకునే కుటుంబం. డార్క్ కామెడీలే, అంటే చావు లాంటి చేదు విషయాల మీద నవ్వించే సినిమాలే తీస్తూ, ఎవరి కిందా కాకుండా బతకాలని నా కోరిక. రెండెకరాలు అమ్మి సొంతంగా తీయాలా, సినిమావాళ్లుండే కృష్ణానగర్ వెళ్లి అసిస్టెంట్‌గా చేరాలా? హైదరాబాద్‌లో ఒకాయన ప్రేమ ట్రాక్ కలిపితే తానే నిర్మిస్తానంటున్నాడు. రిటైర్డ్ టీచరైన మా నాన్న, ‘నవ్వియ్యాలంటే మనుషులు చావాల్నా?’ అని అడుగుతున్నాడు. ఏం చేయమంటారు సార్?
— ఒక పాఠకుడు, దేవరకొండ

సమాధానం: మీ షార్ట్ ఫిల్మ్‌ను, దానితో పాటు పంపిన స్క్రిప్టులోని మొదటి ముప్పై పేజీలను రెండేసి సార్లు చూశాను. మీరు అడిగిన వరుసలో కాకుండా, ఆలస్యమైతే నష్టం జరిగే విషయంతో మొదలుపెడతాను. ఆ రెండెకరాలు అమ్మకండి.

భూమి అమ్మి సినిమా తీసేవారు సాధారణంగా ఫస్ట్ కాపీ, అంటే విడుదలకు సిద్ధమైన మొదటి ప్రతి వచ్చేవరకు అయ్యే ఖర్చునే లెక్క వేసుకుంటారు, కానీ ఊరూపేరూ లేని చిన్న సినిమాకు అసలు ఖర్చు మొదలయ్యేది అక్కడి నుంచే. మన నల్లగొండ, పాలమూరు జిల్లాలు పంపిణీ లెక్కల్లో నైజాం ఏరియా కిందికి వస్తాయి. ఇక్కడ తెలిసిన ముఖం లేని సినిమాకు ముందే డబ్బిచ్చి కొనే పంపిణీదారు దాదాపుగా దొరకడు కాబట్టి, నిర్మాతే థియేటర్ అద్దె భరించాలి, ఒక్కో తెరకు డిజిటల్ ప్రొజెక్షన్ రుసుము కట్టాలి, పోస్టర్ నుంచి ఫోన్‌లో కనిపించే ప్రకటన దాకా ప్రచారం మొత్తం తానే మోయాలి. ఓటీటీ వేదికలు ఇలాంటి సినిమాలను ఒకేసారి మొత్తం ఇచ్చి కొనడం కంటే, చూసినంత మేరకు వాటా ఇచ్చే పద్ధతిలో తీసుకోవడమే ఎక్కువ. ఆ వాటా మీద ఆశ పెట్టుకుని అప్పు తెచ్చినవాళ్లను నేను చూశాను. చాలా ఏళ్ల కిందట కల్వకుర్తి వైపు నుంచి వచ్చిన ఒక మనిషి నాలుగెకరాలు అమ్మి తీసిన సినిమాకు నేను ఎడిటింగ్ చేశాను. ఫస్ట్ కాపీ వచ్చిన రోజు అందరికీ మిఠాయి పంచాడు, ప్రచారానికి మాత్రం రూపాయి మిగల్లేదు. ఆ హార్డ్ డిస్క్ ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది. తీసుకెళ్లడానికి ఆయన రాలేదు, పంపడానికి నాకు మనసు రాలేదు.

ఈ దారిలో బతకవచ్చా అన్న మీ ప్రశ్నకు నిజాయితీగా చెప్పవలసింది ఏమిటంటే, తెలుగులో కేవలం స్వతంత్ర డార్క్ కామెడీల మీదనే ఇల్లు గడుపుకునేంత సంపాదన ఇప్పటికైతే లేదు. హిందీలో ఈ కోవకు పెద్దదిక్కులా నిలిచిన ‘జానే భీ దో యారో’ సంగతే చూడండి. కుందన్ షా దాన్ని జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ) ఇచ్చిన కొద్దిపాటి డబ్బుతో తీశారు, అది 1983లో విడుదలైంది, తొలి చిత్ర దర్శకుడిగా ఆయనకు జాతీయ పురస్కారం తెచ్చింది. అంత పేరు వచ్చినా ఆయన తర్వాతి సినిమా థియేటర్లకు చేరడానికి పదేళ్లకు పైగా పట్టింది, ఆ మధ్యకాలంలో ఆయన్ను నిలబెట్టినవి దూరదర్శన్ సీరియళ్లు. ఈ ఉదాహరణను మీకోసం ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అందులో ప్రధాన పాత్రలు ఇద్దరూ స్టూడియో పెట్టుకుని దెబ్బతిన్న ఫొటోగ్రాఫర్లు, ఆ ఆలోచనకు బీజం పడింది కూడా హైదరాబాద్‌లో ఫొటో స్టూడియో నడిపిన ఆయన మిత్రుల అనుభవాల నుంచే. అంటే మీరు వదిలించుకోవాలని చూస్తున్న వృత్తి ఈ తరహా సినిమాకు కొత్తదేమీ కాదు.

మీ ఉత్తరంలో స్టూడియోను ఒక అడ్డంకిలాగా రాశారు, నేను దాన్ని మీ మొదటి నిర్మాణ సంస్థగా చూస్తున్నాను. కెమెరాలు, లైట్లు, ఎడిటింగ్ సిస్టమ్, రాత్రంతా మేల్కొని పనిచేయడానికి అలవాటుపడ్డ నలుగురు కుర్రాళ్లు మీ దగ్గర ఇప్పటికే ఉన్నారు. అంతకన్నా విలువైన సంగతి, ఇతరులకు తలుపు మూసుకునే సమయంలో జనం మిమ్మల్ని ఇంట్లోకి రానిస్తారు. కట్నం బాకీ దగ్గర పెళ్లి ఆగబోయిన క్షణంలో పెళ్లికొడుకు మేనమామ ముఖం ఎలా ఉంటుందో ఏ ఫిల్మ్ స్కూలూ నేర్పలేదు, మీ పాత ఫుటేజీలో అది ఉంటుంది. ఆ ఫుటేజీని సినిమాలో వాడకండి, అది వాళ్ల సొత్తు. కూర్చుని చూడండి, నోట్సు రాసుకోండి, చాలు. ఇక సమయం సంగతికి వస్తే, ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు కాబట్టి పెళ్లిళ్లు ఉండవు, పైగా ఏటా ఎప్పుడో ఒకప్పుడు మూఢం కూడా వస్తుంది. ఆ రోజుల్లో మీ పరికరాలు అలమారలో ఉంటాయి, మీ మనుషులు ఖాళీగా ఉంటారు, ఎవరినీ నెల జీతానికి పెట్టుకోవలసిన పని ఉండదు. రెండు ఆషాఢాలు, ఒక పుష్యం కలిపితే ఒక చిన్న సినిమా చిత్రీకరణ పూర్తవుతుంది. పెళ్లిళ్ల నెలల్లో వచ్చిన డబ్బులో ఒక వంతు పక్కన పెట్టి, పెళ్లిళ్లు లేని నెలల్లో దాన్ని సినిమా మీద ఖర్చుపెట్టే ఈ పద్ధతి నెమ్మదిగా సాగుతుందన్న మాట నిజమే, కానీ ఎవరి కిందా కాకుండా బతకాలన్న మీ కోరికకు ఇంతకంటే దగ్గరి దారి నాకు తెలియదు.

కృష్ణానగర్ విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. పెద్ద సినిమాలో ఐదో అసిస్టెంట్‌గా చేరితే క్లాప్ కొట్టడం, జూనియర్ ఆర్టిస్టులను ఎండలో నిలబెట్టడం నేర్చుకుంటారు, అది పనికిరాని చదువని అనను గానీ మీకు ముందుగా కావలసింది అది కాదు. ఒక ఆరు నెలలు ఎవరైనా మంచి ఎడిటర్ దగ్గర కూర్చోవడం మేలు. నేను ఎడిటర్‌ను గనుక ఇలా అంటున్నానని అనుకున్నా పరవాలేదు.

ఎడిటర్ దగ్గర కూర్చోమంటున్నది ఎందుకంటే, ఈ తరహా హాస్యం ఉండేది మాటలో కంటే కోతలో, అంటే ఎడిటింగ్‌లో. మీ సినిమాలో తొమ్మిదో నిమిషం దగ్గరి సన్నివేశాన్నే తీసుకోండి. ఫ్రీజర్ బాక్స్ తెచ్చిన మనిషి శవం పక్కన నిలబడి, ‘అన్నా, డిపాజిట్ ఐదు వేలు ఇస్తే ప్లగ్గు పెడ్త’ అంటాడు. అద్భుతమైన మాట అది. ఆయన గొంతులో దురుసుతనం లేదు, తన పని తాను చేసుకుంటున్న మనిషి మర్యాద ఉంది, అందుకే అది గుచ్చుకుంటుంది. కానీ ఆ మాట పూర్తికాకముందే మీరు ‘టుయ్’మనే కామెడీ శబ్దం వేసి, పెద్దకొడుకు కళ్లు తేలవేసే షాట్‌కు కట్ చేశారు. అంటే నవ్వమని ప్రేక్షకుడికి ఆజ్ఞ జారీ చేశారు. ఆ శబ్దం తీసేసి, ముగ్గురు కొడుకులూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నేల చూపులు చూస్తున్న షాట్‌ను మరో నాలుగు సెకన్లు ఉంచి, వెనకాల ఆడవాళ్ల ఏడుపును మాత్రం అలాగే కొనసాగనిచ్చి చూడండి. నవ్వు కొంచెం ఆలస్యంగా వస్తుంది, వచ్చాక చూసేవాడికి తన మీద తనకే అనుమానం కలుగుతుంది. మీకు కావలసింది ఆ అనుమానమే. నటులకు కూడా ఇదే వర్తిస్తుంది. మీ చిన్నకొడుకు పాత్రధారికి తాను కామెడీలో ఉన్నానని తెలుసు, రెండో కొడుకుకు తెలియదు. అందుకే రెండోవాడు నిజమనిపిస్తాడు.

యాస గురించి కూడా ఒక మాట చెప్పాలి. తెలంగాణ మాటను తెలుగు సినిమా ఎంతోకాలం రౌడీకో, పనివాడికో ఇచ్చి, యాసనే జోకుగా చలామణి చేసింది. ఈ మధ్యకాలంలో ఆ పరిస్థితి చాలా మారింది. మీ సినిమాలో మాత్రం డబ్బు గొడవ వచ్చినప్పుడే యాస చిక్కబడుతోంది, తల్లి ఏడ్చే చోట పుస్తక భాష వినిపిస్తోంది. బహుశా మీరు గమనించి ఉండరు. దేవరకొండ తల్లి దేవరకొండ మాటల్లోనే ఏడవాలి.

మీ పెద్దనాన్న కోపం దగ్గరికి వద్దాం. ఆయన చెప్పిన కారణం తప్పు కావచ్చు, కానీ ఆ కోపానికి ఆధారం మీ సినిమాలోనే ఒకచోట ఉంది. పద్నాలుగో నిమిషంలో మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక బంధువు, ఫ్లోరైడ్‌తో కాళ్లు వంకరపోయిన మనిషి, పాడె వెనక నడవలేక వెనకబడితే దాన్ని మీరు నవ్వు కోసం వాడుకున్నారు. దాన్ని తీసేయండి. ఆయన నడక ఆయన తాగిన నీళ్లు చేసిన పని, అక్కడ నవ్వితే ఆ దెబ్బ తగిలేది ఇప్పటికే దెబ్బతిన్నవాడికి. అదే బాధలో అసలైన చేదు హాస్యం ఎక్కడుందో కూడా చెబుతాను. పటిక, సున్నం వేసి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది, దాన్ని ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పిలుస్తుంది. మన జిల్లా పేరు ఆఫ్రికా దేశాల్లో మందుగా చెలామణి అవుతున్న కాలంలోనే మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ఊళ్లలో పిల్లల ఎముకలు వంగుతూ వచ్చాయి. లేదా ఆ వంకర కాళ్ల మనిషినే, ఎన్నికలొచ్చినప్పుడల్లా ఫొటో కోసం కుర్చీలో కూర్చోబెట్టే నాయకులకు, కెమెరా కోణం ఎక్కడ బాగుంటుందో తానే నేర్పేంత అనుభవజ్ఞుడిగా చూపండి. అప్పుడు నవ్వేది ఆయన, నవ్వులపాలయ్యేది ఆయన్ను వాడుకున్నవాళ్లు. ఈ మార్పు చేశాక ఆ సినిమాను మీ పెద్దనాన్నకు మరోసారి చూపించండి, అప్పటికీ ఆయన మాట్లాడకపోతే అది ఆయన ఇష్టం.

రైతు బీమా కథ నాకు చాలా నచ్చింది, అందుకే కొంచెం కఠినంగా రాస్తాను. 2018లో మొదలైన ఆ పథకంలో 18 నుంచి 59 ఏళ్ల మధ్య రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి ఐదు లక్షలు వస్తాయి. మీ కథకు ప్రాణం ఆ 59 అనే అంకెలో ఉంది. అయితే మీరు గడువును ఆయన పుట్టినరోజుకు ముడిపెట్టారు. ఆ పథకం ఏడాది ఆగస్టు 14న మొదలవుతుంది కాబట్టి, వయసు లెక్క ఏ తేదీకి చూస్తారో మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈఓ) అడిగి సరిచూసుకోండి. ఇలాంటి కథలో నిబంధన ఒక్కటి తప్పయినా జిల్లాలో ప్రతి రైతూ పట్టేస్తాడు. గడువు ఆగస్టులో పడితే మీకు ఇంకో లాభం ఉంది, జెండా పండుగకు బడిపిల్లలు పాటలు నేర్చుకుంటున్న చప్పుడు ఆ ఇంటి గోడల మీదుగా వినిపిస్తుంది. ఇక ఆధార్ సంగతి. మన ఊళ్లలో పెద్దవాళ్లలో ఎంతోమందికి పుట్టిన తేదీ జనవరి 1 అనే ఉంటుంది, ఎందుకంటే రాయించుకునే రోజున ఎవరికీ అసలు తేదీ తెలియదు. ఒక మనిషి చావుకు విలువ ఉందో లేదో, ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని ఊహించి కొట్టిన తేదీ తేల్చడం కంటే చేదు విషయం ఏముంటుంది? మీ స్క్రిప్టులో దాని ప్రస్తావనే లేదు.

ఇంతకన్నా పెద్ద లోపం, మంచంలో ఉన్న మనిషికి మీరు ఏమీ తెలియనివ్వలేదు. చుట్టూ ఉన్నవాళ్లు లెక్కలు వేస్తుంటే ఆయన అమాయకంగా పడుకుని ఉంటే, అది కొడుకుల క్రూరత్వం గురించిన కథ అయిపోతుంది, ప్రేక్షకుడు తాను మంచివాడినన్న తృప్తితో ఇంటికి వెళతాడు. ఆ లెక్క అందరికంటే ముందు ఆయనే వేసి ఉండాలి. బిడ్డ పెళ్లి అప్పు, ఎండిపోయిన మూడు బోర్ల అప్పు ఎంతో ఆయనకే బాగా తెలుసు కదా. గోడ మీది క్యాలెండర్‌ను తనకు కనిపించేలా తిప్పమని అడిగేది ఆయనే అయితే, నవ్వూ దుఃఖమూ ఒకే మనిషిలో ఉంటాయి. మీ మేక సన్నివేశం మాత్రం ముట్టుకోకండి. ఆయన బతకాలని భార్య, పని గడువులోపల అయిపోవాలని కొడుకు, ఒకరికి తెలియకుండా ఒకరు అదే మేకను అదే మైసమ్మకు మొక్కుకోవడం చదివి ఒక్కడినే గదిలో గట్టిగా నవ్వాను. ఆ తర్వాత కాసేపు బాగోలేదు.

ఆ మేక విషయంలోనే ఒక హెచ్చరిక. సినిమాలో జంతువును వాడితే జంతు సంక్షేమ బోర్డు అనుమతి చిత్రీకరణకు ముందే తీసుకోవాలి, లేకపోతే సెన్సార్ దగ్గర ఆగిపోతారు. 2023 చట్టసవరణ తర్వాత పెద్దల మార్గదర్శకత్వంతో పిల్లలు చూడదగ్గ సినిమాకిచ్చే యూఏ సర్టిఫికెట్‌ను 7, 13, 16 ఏళ్లని మూడుగా విభజించారు. మీ కథకు యూఏ 16+ దాటి పెద్దలకు మాత్రమే అనే ‘ఏ’ వస్తే, దాన్ని మార్పించుకోకుండా టీవీలో వేయడం కుదరదు. మీ స్క్రిప్టులోని బూతులు కథకు అవసరమా, అలవాటుకొద్దీ వచ్చాయా అన్నది స్క్రిప్టు దశలోనే తేల్చుకోండి. నాకైతే సగం అలవాటువే అనిపించాయి.

ఇక నిర్మాత. డార్క్ కామెడీకి ఉన్న పెద్ద చిక్కు ఏమిటంటే, నోటితో కథ చెబితే అది చచ్చిపోతుంది. ‘తండ్రి ఎప్పుడు పోతాడా అని కొడుకులు ఎదురుచూస్తుంటారండీ’ అని నరేషన్‌లో చెప్పగానే విన్నవాడికి నవ్వు రాదు, కడుపులో దేవుతుంది. అందుకే మీ హైదరాబాద్ పెద్దమనిషి ప్రేమ ట్రాక్ అడిగాడు. అందులో ఆయన దుర్మార్గం ఏమీ లేదు, ఆయన విన్నది మీరు తీయబోయే సినిమా కాదు, అంతే. అమెరికాలో కోయెన్ సోదరులు 1984లో వచ్చిన తమ తొలి సినిమా కోసం ముందుగానే ఒక చిన్న ట్రైలర్ తీసి, దాన్ని మోసుకుంటూ పెట్టుబడి పెట్టేవాళ్ల ఇళ్లకు తిరిగారు. మీరు కూడా మేక సన్నివేశాన్ని ఈ ఆషాఢంలోనే పూర్తిస్థాయిలో తీసి, మూడు నాలుగు నిమిషాలకు కుదించి పెట్టుకోండి. ఇకపై ఎవరికైనా కథ చెప్పవలసి వస్తే నోరు తెరవకుండా ఫోన్ చేతికివ్వండి. ఏటా నవంబరులో గోవాలో ఎన్‌ఎఫ్‌డీసీ నిర్వహించే ఫిల్మ్ బజార్ (ఇప్పుడు వేవ్స్ ఫిల్మ్ బజార్) అనే సినిమా మార్కెట్‌కు పంపడానికి కూడా అది పనికొస్తుంది. షార్ట్ ఫిల్మ్‌ను సరిచేశాక మాత్రం వెంటనే యూట్యూబ్‌లో పెట్టకండి, ముందే బయటపెట్టిన చిత్రాలను తీసుకోని పోటీలు చాలా ఉన్నాయి. మాండ్య జిల్లాలోని ఒక పల్లెలో, ఊరివాళ్లనే నటులుగా పెట్టి, నూరేళ్లు దాటిన ముసలాయన కర్మకాండ చుట్టూ తీసిన కన్నడ ‘తిథి’ 2015లో స్విట్జర్లాండ్‌లోని లొకార్నో చిత్రోత్సవంలో బహుమతులు గెలిచిన తర్వాతే సొంత రాష్ట్రంలో థియేటర్లకు వచ్చింది. అందరికీ అలా జరగదు, కానీ వరుస మాత్రం అదే.

ఆ పెద్దమనిషితో మాటలు తెంచుకోవలసిన అవసరం లేదు. అయితే స్క్రిప్టును రచయితల సంఘంలోనో, కాపీరైట్ కార్యాలయంలోనో నమోదు చేయించకుండా ఒక్క పేజీ కూడా పంపకండి. ఆయన అడ్వాన్స్ ఇస్తే, ఎంతకాలంలో సినిమా మొదలుపెట్టకపోతే కథ మీకు తిరిగి వస్తుందో కాగితం మీద రాయించుకోండి. థియేటర్ ప్రదర్శన కాకుండా ఇతర రూపాల్లో వాడుకున్నప్పుడు రచయితకు రావలసిన రాయల్టీని వదులుకునే ఒప్పందం చెల్లదని 2012 నాటి కాపీరైట్ సవరణ చెబుతోంది. ఆ మాట మీ నోటి నుంచి వింటే ఆయన ముఖం ఎలా మారుతుందో గమనించండి, చాలా సంగతులు తెలుస్తాయి.

మీ నాన్నగారి ప్రశ్నకు మీరు వాదనతో జవాబు చెప్పవలసిన పనిలేదు. ఆయన రిటైర్డ్ టీచరు కాబట్టి ఎన్ని బడి రికార్డుల్లో ఎన్ని పుట్టిన తేదీలు ఊహించి రాశారో అడగండి. తోలుబొమ్మలాటలో ఎంత ఏడుపు ఘట్టం మధ్యలోనైనా కేతిగాడు వచ్చి వెకిలి మాట అనడం ఆయన చిన్నప్పుడు చూసే ఉంటారు, అది కూడా అడగండి. ఆయన చెప్పేవి రాసుకోండి. మీ రెండో ముసాయిదాకు అవి కావాలి.

చివరగా, ఫ్రీజర్ బాక్స్ మనిషి పాత్ర వేసినాయన నిజంగానే మీ ఊళ్లో అదే పని చేస్తారని రాశారు. పెద్ద సినిమాలోనూ ఆయనకు చోటుంచండి, పారితోషికం మాత్రం ముందే మాట్లాడుకోండి, ఎందుకంటే డిపాజిట్ లేకుండా ఆయన ప్లగ్గు పెట్టరు.